చర్చలు ఆపే అధికారం ఎవరిది?

“ఉగ్రవాదమూ, చర్చలూ కలిసి నడవవు” అనే వాక్యం భారత–పాకిస్తాన్ సంబంధాల గురించి రాసే ప్రతివారి కలంలోనూ నలిగిపోయింది. దానిని పరీక్షించి చూసినవారు మాత్రం తక్కువ.

1976లో అమృతసర్, లాహోరుల మధ్య మొదలైన సంఝౌతా ఎక్స్‌ప్రెస్ చరిత్రనే తీసుకుందాం. 2001 డిసెంబరు 13న పార్లమెంటుపై దాడి జరిగింది. రెండు సైన్యాలు నెలల తరబడి సరిహద్దు మీద ఎదురెదురుగా నిలిచాయి. పంజాబు, రాజస్థాన్ రైతుల పొలాలలో మందుపాతరలు నాటారు. రైలు రెండేళ్లు ఆగింది. యుద్ధం రాలేదంటారు, పొలంలో అడుగుపెట్టలేని రైతుకు వచ్చినట్టే లెక్క.

2007 ఫిబ్రవరి 18 రాత్రి పానిపట్టు దగ్గర అదే రైలులో బాంబులు పేలి 68 మంది చనిపోయారు. ఎక్కువమంది పాకిస్తానీయులు. అయినా మిగిలిన పెట్టెలతో రైలు లాహోరుకు సాగింది. పాకిస్తాన్ విదేశాంగమంత్రి కసూరీ ఢిల్లీ ప్రయాణం మానుకోలేదు. అణ్వాయుధ ప్రమాదాలను తగ్గించుకునే ఒప్పందంపై 21న సంతకాలయ్యాయి. బాంబు పెట్టినవాడు ఆ వారం ఓడిపోయాడు. (నిందితులుగా విచారణ ఎదుర్కొన్న నలుగురు హిందూత్వవాదులను 2019లో కోర్టు నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఆ 68 ప్రాణాలకు జవాబుదారీ ఎవరో నేటికీ తేలలేదు.)

2008 నవంబరు 26న బొంబాయి దాడి మొదలైననాడు కూడా పాకిస్తాన్ మంత్రి ఖురేషీ ఢిల్లీలోనే ఉన్నాడు. 166 మంది చనిపోయారు. ఈసారి చర్చలు ఆగాయి. ఆ ఆగ్రహం అకారణమని అనలేము. లష్కరే తోయిబాకు పాకిస్తాన్ సైనికాధికారవర్గం నీడ దొరికిందన్నది దాచినా దాగని సంగతి. సాయుధ ముఠాలను మంచివీ చెడ్డవీ అని వేరుచేసి పెంచినందుకు 2014లో పెషావరు సైనిక పాఠశాల పిల్లలు బలి అయ్యారు. ఇదంతా సామ్రాజ్యవాదం నాటిన విత్తనమని మనవాళ్లు కొందరు అక్కడితో వాక్యం ముగిస్తారు. 1980లలో ఆఫ్ఘన్ యుద్ధానికి అమెరికా పోసిన డబ్బూ ఆయుధాలూ నిజమే. ఆ మొక్కకు తరువాత నీరు పోసినదెవరో చెప్పని విశ్లేషణ సగం విశ్లేషణే.

కాని చర్చలు మానుకోవడంవల్ల శిక్ష ఎవరికి పడింది? రెండు దేశాలు ఎప్పుడు మాట్లాడుకోవాలో నిర్ణయించే అధికారం తుపాకులు పట్టివచ్చిన పదిమంది చేతిలో పెట్టినట్టయింది. చర్చలను చెడగొట్టదలచినవాడికి ఇంతకంటె కావలసినదేమిటి?

రైలును చివరికి ఆపింది బాంబు కాదు. 2019 ఆగస్టులో, 370వ అధికరణంపై భారత ప్రభుత్వ నిర్ణయం తరువాత, పాకిస్తాన్ ఆపింది. 2025 ఏప్రిల్ 22న పహల్గాములో 26 మంది హత్యకు గురయ్యారు. 1965, 1971 యుద్ధాలను తట్టుకున్న 1960 నాటి సింధు జలాల ఒప్పందాన్ని భారతదేశం పక్కన పెట్టింది. మే 7 నుండి 10 వరకు రెండు అణ్వాయుధ దేశాలు క్షిపణులతో తలపడ్డాయి. అంతకుముందే వీసాలు రద్దయ్యాయి. అట్టారీ గేటు దగ్గర భారత పాస్‌పోర్టు ఉన్న తల్లులు కొందరు ఇవతల ఆగిపోయారు. పాకిస్తాన్ పాస్‌పోర్టు ఉన్న వారి పిల్లలు గేటు దాటి వెళ్లారు.