కడగకూడని డ్రమ్ము

ముందుమాటలు రాయడం నాకు కొత్త కాదు. మోటార్లు బాగుచేసే మనిషి రాసిన పుస్తకానికి రాయడం మాత్రం ఇదే మొదటిసారి. ఈ రచయిత ఒకప్పుడు నా దగ్గర ఇంటర్లో జువాలజీ చదివాడు. చదివాడనడం కంటే ఆఖరి బెంచీలో కూర్చున్నాడనడం న్యాయం. ఆ తర్వాత వైండింగు కొట్టు పెట్టుకున్నాడు. చుట్టుపక్కల చేపల చెరువులకూ రొయ్యల చెరువులకూ ఏరేటర్లు బిగిస్తూ తిరిగాడు. ఆ తిరుగుడులో నేర్చుకున్నదంతా పెరటి తొట్టెకి సరిపోయే కొలతల్లోకి దించి, ఇప్పుడు ఈ చిన్న పుస్తకంగా తెచ్చాడు. ముందుమాట నేనే ఎందుకు రాయాలిరా అని అడిగాను. "మీ చేపలు పోయాయి కదండీ మేస్టారూ, అందుకు" అన్నాడు.

ఆ కథ చెప్పక తప్పదు. మా పెరట్లో పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల లోతున్న సిమెంటు తొట్టె ఉంది. లెక్క కడితే సుమారు 3,400 లీటర్లు. అందులో పదకొండు గోల్డ్‌ఫిష్‌లు, పక్కన గులకరాళ్లు నింపిన ఫిల్టరు. ఒక ఏడాది భోగికి రెండు రోజుల ముందు, ఇల్లంతా దులుపుతూ ఆ రాళ్లని కూడా బయటికి తీయించి, కుళాయి కింద పెట్టి, అంటుకున్న గోధుమరంగు జిగురంతా పోయేదాకా తోమించాను. రాళ్లు మిలమిల్లాడాయి. నాలుగో నాటికి చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. పదో రోజుకి ఏడు పోయాయి. ఒకదాని మొప్ప ఎత్తి చూస్తే, ఎర్రగా ఉండాల్సింది కాఫీ డికాషన్ రంగులో ఉంది. కబురంపితే ఈ కుర్రాడు వచ్చి చూసి, "ఫిల్టరు కడిగారా?" అన్నాడు. అద్దంలా కడిగించానన్నాను. "దాన్నే చంపేశారండీ" అన్నాడు.

ముప్ఫై ఏళ్లకు పైగా నత్రజని చక్రాన్ని బోర్డు మీద గీసిన వాణ్ణి నేను. చేప మొప్పల నుంచి అమోనియా, అమోనియా నుంచి నైట్రైటు, నైట్రైటు నుంచి నైట్రేటు. మధ్యలో రెండు బాణాలు, బాణాల మీద నైట్రోసొమోనాస్, నైట్రోబాక్టర్ అని రెండు పేర్లు. 1890లో వినోగ్రాడ్‌స్కీ ఆ జీవుల్ని విడదీసి చూపాడనీ, అవి అమోనియాని ఆక్సీకరించి వచ్చే శక్తితోనే బతుకుతాయనీ చెప్పేవాణ్ణి. పరీక్షలో నాలుగు మార్కులు. ఆ బాణం నా పెరట్లో గులకరాయి మీద జిగురుగా అంటుకుని ఉందని మాత్రం తోచలేదు. కుళాయి నీటిలోని క్లోరిన్‌తోనూ నా కొబ్బరిపీచుతోనూ రెండు బాణాల్నీ తుడిచేశాను. ఆ రెండో పేరు కూడా పూర్తిగా నిజం కాదట. తొట్టెల ఫిల్టర్లలో ఆ పని ఎక్కువగా చేసేది నైట్రోస్పైరా అని తర్వాతి పరిశోధకులు తేల్చారు. వాటిలోనే కొన్ని రెండు మెట్లూ ఒంటిచేత్తో ఎక్కేస్తాయని 2015లో బయటపడింది. నా పాత విద్యార్థులందరికీ ఇది క్షమాపణ.

ఆ రోజు మిగిలిన నాలుగింటినీ నిలబెట్టింది రాళ్లుప్పు. వెయ్యి లీటర్లకు కిలో చొప్పున కరిగించి పోశాడు. ఉప్పులోని క్లోరైడూ నైట్రైటూ మొప్పల్లో ఒకే దారిన లోపలికి వెళ్తాయి కాబట్టి, క్లోరైడు ఎక్కువైతే నైట్రైటుకి చోటు దొరకదు.

ఈ పుస్తకంలో నాకు నచ్చిన మొదటి సంగతి, ఫిల్టరంటే జల్లెడ కాదని తొలి పుటలోనే చెప్పడం. మన నాన్నమ్మలు చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపితే బురద అడుగుకి దిగేది, నీరు తేటగా కనిపించేది. అమోనియాకి రంగుండదు. తేటనీటిలోనూ చేప చచ్చిపోతుంది. అందుకే ఇతను పనిని రెండు నీలం డ్రమ్ముల మధ్య పంచాడు. మొదటి డ్రమ్ములో నీరు నెమ్మదిగా సుడి తిరిగి మడ్డి దిగుతుంది. అడుగున వాల్వు తిప్పి ఆ మడ్డిని వారం వారం మొక్కలకి వదిలేయవచ్చు. రెండో డ్రమ్ము ఆ జీవుల కాపురం. అందులో కోసిన కరెంటు పైపు ముక్కలు, సీసా మూతలు, షేడ్‌నెట్ పీలికలు. ఏది వేసినా ఉద్దేశం ఒకటే, అంటుకోవడానికి జాగా పెంచడం. ఒక ఘనాన్ని ఎనిమిది సమాన ఘనాలుగా కోస్తే ఉపరితలం రెండింతలవుతుందని నేను లెక్కల్లో చెప్తాను, ఇతను రంపంతో చెప్తాడు. రసాయనాలు మోసిన పాత డ్రమ్ములు కొనవద్దని పెద్దక్షరాల్లో వేయించడం కూడా బాగుంది.

పంపు అధ్యాయం చదువుతుంటే వైండింగు కొట్టులో కూర్చున్నట్టే ఉంటుంది. డబ్బా మీద రాసిన లీటర్లు నీటిని పైకి ఎత్తనప్పటి లెక్క, గొట్టం నాలుగడుగులు ఎక్కితే ఆ మాట నిలబడదు అంటాడు. నమ్మనివాళ్లు 20 లీటర్ల బకెట్టు పెట్టి గడియారం చూసుకోవాలి. 40 సెకన్లలో నిండితే గంటకు 1,800 లీటర్లు. మా తొట్టెలాంటిది రెండు గంటలకొకసారి పూర్తిగా తిరగడానికి అది చాలు.

కరెంటు పోవడం గురించి ఇంత వివరంగా రాసినవాళ్లని నేను చూడలేదు. నీరు కదలకపోతే డ్రమ్ములో ప్రాణవాయువు గంటల్లోనే తరిగిపోతుంది, జిగురు కుళ్లడం మొదలవుతుంది. కరెంటు రాగానే స్విచ్చి వేస్తే ఆ కుళ్లు నీళ్లన్నీ చేపల మీదికే. ముందు డ్రమ్ము ఖాళీ చేసి, ఆ తర్వాతే పంపు వేయమంటాడు. ఈ జీవులు నీటిలోని క్షారాన్ని కూడా తినేస్తాయి కాబట్టి డ్రమ్ములో ఆల్చిప్పల సంచీ వేలాడదీయమన్నది మరో మంచి మాట.

ఒక్కచోట మాత్రం నాకూ ఇతనికీ పడలేదు. మొక్కల్ని అలంకారం కింద కొట్టిపారేశాడు. నైట్రేటు మిగిలిపోతుంది కదరా, దాన్నెవరు తింటారు, ఒడ్డున చామ, మెట్టతామర పెట్టించు అన్నాను. వాటి వేళ్లు పైపుల్లో దూరి పంపు పట్టేస్తాయి, ఆ పంపు మళ్లీ నా కొట్టుకే వస్తుంది అన్నాడు. ఇద్దరి మాటలోనూ నిజముంది గనుక పాఠకులే చూసుకోవాలి. ధరల పట్టిక తీసేయమన్నాను, ఏడాదికే పాతబడుతుందని. వినలేదు.

కొత్త డ్రమ్ము పెట్టి మా తొట్టెలో మళ్లీ మొదలుపెట్టాం. జిగురు పట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు ఓపిక పట్టాలని, అందాకా మేత చిటికెడే వేయాలని ఇతని ఆజ్ఞ. ఆక్వా దుకాణంలో దొరికే పరీక్ష కిట్టుతో రోజూ చూస్తున్నాను. అమోనియా సీసా పసుపుకి తిరిగింది. నైట్రైటు సీసా ఇరవై మూడో రోజున కూడా ఇంకా గులాబీ రంగే. ఏ వారం ఏ రంగు కనిపించాలో చెప్పే పుటని చింపి నూతి గోడకి అంటించాను. ప్రూఫు కాపీయే లెండి.