గాలిలో మూడు స్థాయులు

గోల్ఫ్ చూసేవాళ్లు మామూలుగా రెండే అడుగుతారు: బంతి ఎంత దూరం పోయింది, ఎటు పోయింది? స్కోరుకు ఆ రెండూ చాలు. కంటికి చాలవు. దూరంలో కండబలం తెలుస్తుంది, దిక్కులో సాధన తెలుస్తుంది. ఆటగాడి రుచి ఏమిటో, ఆ పూట అతని మనసెలా ఉందో తెలిసేది మాత్రం ఎత్తులోనే. ఇప్పుడు టీవీ తెర మీద బంతి వెనకాలే రంగు గీత గీసి, శిఖరం ఇన్ని అడుగులని అంకె కూడా వేస్తున్నారు. వేయనివ్వండి. గాయకుడు అందుకున్న తారషడ్జం ఎన్ని హెర్ట్జులో చెబితే చెవికి తృప్తా? మన సంగీతానికి మంద్ర, మధ్య, తార స్థాయులున్నట్టే ఈ గుప్పెడైనా లేని తెల్లబంతికీ ఆకాశంలో మూడు స్థాయులున్నాయి. ఏదో ఒకటి పలికించేవాళ్లు బోలెడుమంది. మూడింటినీ, గాలి అడిగిన క్షణాన అడిగినట్టు, అపస్వరం దొర్లకుండా పలికించేవాణ్ణి చూడటం... ఆహా, కళ్లున్నందుకు అదే ఫలం!

మంద్రంతో మొదలుపెడదాం, ఎందుకంటే కష్టమైనది అదే. ఎత్తుగా కొట్టడమే గొప్పనుకుంటాం గానీ, బంతిని కింద ఉంచడానికి ఎక్కువ గుండె కావాలి. క్లబ్ తగిలిన బంతి వెనక్కి గిర్రున తిరుగుతూ ముందుకు పోతుంది. ఆ తిరుగుడే దాన్ని పైకెత్తుతుంది. ఎడింబరోలో ప్రొఫెసరుగా ఉన్న పీటర్ గత్రీ టెయిట్ 1890లలోనే ఈ సంగతి తేల్చాడు. (ఆయన కొడుకు ఫ్రెడ్డీ 1896లోనూ 1898లోనూ బ్రిటిష్ అమెచ్యూర్ ఛాంపియన్. నాన్నగారి సమీకరణాలు అబ్బాయికి ఏపాటి పనికొచ్చాయో మరి!) అంటే బంతికి ఎగరాలని స్వతహాగానే ఉబలాటం. ఎదురుగాలి తోడైతే ఆ ఉబలాటం రెట్టింపవుతుంది. లేచి, ఇంకా లేచి, నడిమింట కాసేపు నిలబడిపోయి, ఉసూరుమంటూ కూలుతుంది. వేగం ఇసుమంతైనా తగ్గించకుండా ఆ ఉబలాటానికి మాత్రం కళ్లెం వేయాలి. చెప్పినంత సులువా అది?

2006 జులై, బ్రిటిష్ ఓపెన్. ఇంగ్లండ్ పడమటి తీరాన హోయ్‌లేక్ ఊళ్లో రాయల్ లివర్‌పూల్ మైదానం. ఆ వేసవి ఎండలకు పచ్చిక మాడి గోధుమరంగుకు తిరిగింది. నేల గట్టిపడింది, బంతి పడితే ఆగేది కాదు, దొర్లి దొర్లి ఎక్కడో ఇసుక గుంటలో తేలేది. టైగర్ వుడ్స్ మే నెలలో తండ్రిని పోగొట్టుకున్నాడు. జూన్‌లో యూఎస్ ఓపెన్‌లో కట్ కూడా దాటలేకపోయాడు. అలాంటివాడు ఇక్కడికొచ్చి నాలుగు రోజుల్లో, అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్ డ్రైవర్‌ను ఎన్నిసార్లు బయటికి తీశాడో తెలుసా? ఒక్కసారి! లోకం మొత్తం ఎవరి బలానికి నోరు తెరిచిందో, ఆ మనిషి ఆ బలాన్ని సంచీలోనే పడుకోబెట్టి, పొడవాటి ఐరన్లతో నేలకు చేరువగా, వారమంతా మంద్రంలోనే ఆలపించాడు.

ఆ షాట్‌ను స్టింగర్ అంటారు. దాన్ని చూడాలంటే బంతిని వదిలేసి చేతులు చూడండి. పాదాల మధ్య బంతి కాస్త వెనకగా ఉంటుంది. క్లబ్ దిగుతుంది, చేతులు దానికన్నా ముందే దిగి వచ్చేస్తాయి. దెబ్బ పడ్డాక సాధారణంగా క్లబ్ భుజం మీదుగా చుట్టుకుని వీపు వెనక్కి వెళుతుంది. ఇక్కడ వెళ్లదు. చేతులు రెండూ చాచి, మణికట్లు మడవకుండా, ఛాతీ ఎత్తుకు రాగానే టక్కున నిలిపేస్తాడు. క్లబ్ కొస బంతి వెళ్లిన దారినే చూపిస్తూ ఉంటుంది. అంత ఊపులో వస్తున్న ఇనుమును అక్కడ ఆపడం! ముంజేతుల్లో ఒక్క నరం మాత్రం ఉబికి కనబడుతుంది. అటు బంతి బుసకొడుతూ సాగి, గడ్డిని ముద్దాడబోయి మానుకున్నట్టు వెళ్లి, దిగిన చప్పుడైనా లేకుండా దిగి, ఫెయిర్‌వే మీద ఇంకా ఇంకా పరుగెడుతుంది. ఎంత నిగ్రహం, ఎంత ఠీవి, ఎంత నిండైన పొదుపు!

ఆ వారం అతను 18 అండర్‌తో గెలిచాడు. చివరి పుట్ పడగానే క్యాడీ భుజం మీద తల వాల్చి బావురుమన్నాడు. నాలుగు రోజులు అంత కిందుగా, అంత బిగబట్టి ఆడినదేమిటో అప్పుడు అర్థమవుతుంది. నా మటుకు నాకు ఆ స్టింగర్లూ ఆ ఏడుపూ ఒకే రచన.

మధ్యస్థాయి సంగతి ఎక్కువ చెప్పను. ట్రోఫీలు చాలావరకు దానితోనే వస్తాయి. రసికుడికి దానితో పని తక్కువ.

తారానికి వస్తే జాక్ నిక్లస్. ఆయన కాలంలో వన్ ఐరన్ అనే క్లబ్ ఉండేది. దాని ముఖం దాదాపు నిట్టనిలువు. మామూలు ఆటగాడు దానితో బంతిని మోకాలెత్తు దాటించడమే గగనం. నిక్లస్ దానితోనే బంతిని ఆకాశానికి అప్పగించేవాడు. 1975 మాస్టర్స్ చివరి రోజు, అగస్టా 15వ హోల్లో, గ్రీన్ ముందున్న నీటి మీదుగా ఆ వన్ ఐరన్‌తో కొట్టిన షాట్ తలుచుకోండి. అంత దూరం నుంచి వచ్చే బంతి సాధారణంగా దూసుకొచ్చి గ్రీన్ దాటిపోతుంది. ఇది పైకి, పైపైకి వెళ్లి, కొసన ఒక్క రెప్పపాటు తీరిక తీసుకుని, మెత్తగా దిగింది. బలవంతుడి సౌకుమార్యం కన్నా అందమైనది ఆటల్లో ఇంకొకటుందా?

టైగర్‌కు ఈ స్థాయీ వశమే. 2000 కెనడియన్ ఓపెన్, గ్లెన్ ఆబీ, చివరి హోల్. ఒక్క షాట్ ఆధిక్యం. బంతి ఇసుకలో ఉంది, జెండాకు 218 గజాలు, నడుమ చెరువు. సిక్స్ ఐరన్ తీశాడు! ఇసుక రేగింది, బంతి మింటికెగిసింది, నీళ్లు దాటింది, జెండా వెనకాల గ్రీన్ అంచున వాలింది. ఎత్తులు మూడు, ఒక్కో ఎత్తుకు నేరుగా, ఎడమకు, కుడికి అని మూడు పోకడలు. మొత్తం తొమ్మిది కిటికీలను ఊహించుకుని, ఒక్కో దాంట్లోంచి బంతిని పంపడం అతని సాధన. ఆ తొమ్మిదిలో పై వరుస కిటికీ ఒకటి ఆ సాయంత్రం తెరుచుకుంది.

ఇక ఫిల్ మికెల్సన్ ఫ్లాప్ షాట్. పుట్టుకతో కుడిచేతివాటం మనిషి. చిన్నప్పుడు తండ్రి ఎదురుగా నిలబడి, అద్దంలో చూసినట్టు నేర్చుకుని ఎడమచేతి ఆటగాడయ్యాడు. వెడ్జ్ ముఖాన్ని ఆకాశం వైపు వెల్లకిలా పరిచి, పెద్ద ఊపు ఊపితే బంతి ముందుకు పోకుండా నిట్టనిలువుగా లేచి, కాళ్ల దగ్గరే పడ్డట్టు పడుతుంది. జనం కేరింతలు కొడతారు. నేనూ కొట్టాను. కానీ మెచ్చుకోలులో కాస్త వెనకాడతాను, ఆ ఎత్తు కొన్నిసార్లు అవసరం కోసం కాక చప్పట్ల కోసం వచ్చిందనిపిస్తుంది.

అందుకు విరుగుడు సెవె బాయెస్తెరోస్. స్పెయిన్‌లో పెద్రేన్యా ఊరి సముద్రపు ఇసుకలో, చేతికి దొరికిన ఒకే ఒక్క త్రీ ఐరన్‌తో ఆట నేర్చుకున్న పిల్లాడు. ఎత్తుకో క్లబ్ కొనుక్కునే యోగం లేదు కాబట్టి ఒక్క ఇనుములోంచే అన్ని ఎత్తులూ పిండుకున్నాడు. 1976లో బర్క్‌డేల్‌లో బ్రిటిష్ ఓపెన్ నాటికి వయసు 19. చివరి హోల్, జెండాకూ అతనికీ మధ్య రెండు ఇసుక గుంటలు. ఎవరైనా వెడ్జ్ తీసి గుంటల మీదుగా లేపుతారు. ఆ కుర్రాడు రెండు గుంటల నడుమ సన్నటి గట్టు చూశాడు. బంతిని లేపీ లేపనట్టు తట్టాడు. అది ఆ ఇరుకు దారమ్మట గెంతుకుంటూ, దొర్లుకుంటూ, జెండా దగ్గరికి చేరింది. అందరూ తారం అందుకుంటారనుకున్న చోట స్వరాన్ని దాదాపు మౌనంలోకి దించాడు! ఆ షాట్‌తో అతను నిక్లస్ పక్కన రెండో స్థానంలో నిలిచాడు. గెలిచింది జానీ మిల్లర్. ఆ గట్టు మీద దొర్లిన బంతి గురించే జనం ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఏటా జులైలో బ్రిటిష్ ఓపెన్ మనకు మధ్యాహ్నం మొదలై రాత్రి దాకా టీవీలో వస్తుంది. తీరిక చేసుకుని ఒక గంట కూర్చోండి. స్కోరు పట్టిక వంక చూడకండి. జెండా గుడ్డ ఎటు రెపరెపలాడుతోందో చూసి, ఆటగాడు ఏ ఎత్తు ఎంచుకుంటాడో ముందే పందెం కట్టుకోండి. తర్వాత అతని చేతులు ఎక్కడ ఆగాయో చూడండి.