ఫార్మాట్ కొట్టేద్దామా?

నంద్యాలలో ఏ కంప్యూటర్ రిపేరు దుకాణం ముందు కాసేపు నిలబడినా వినబడే మాట ఒకటే: "ఫార్మాట్ కొట్టేద్దాం అన్నా." స్లోగా ఉందా, ఫార్మాట్. ప్రింటర్ పలకడం లేదా, ఫార్మాట్. సౌండు రాకపోయినా అదే మందు. ఆ మాటంటే ఈ కాలమిస్టుకి ఎంత మంటో పాత పాఠకులకు తెలుసు. ఎర్రర్ మెసేజ్ చదవకుండా ఓకే నొక్కేవాళ్ల మీద, కరెంటు సంగతి చూసుకోకుండా కంప్యూటరును తిట్టేవాళ్ల మీద ఇక్కడ చాలా సిరా ఖర్చయింది. వచ్చిన ఉత్తరాల్లో సగం "ఇంకో టాపిక్ లేదా స్వామీ" అన్నవే. అయినా పట్టు సడలలేదు.

ఈ వారం ఆ మంటలో నెయ్యి పోసింది బండి ఆత్మకూరు. అక్కడ కాలమిస్టు చిన్నాయన ఇంట్లో ఏడెనిమిదేళ్ల నాటి ల్యాప్‌టాప్ ఒకటుంది. మీభూమిలో అడంగల్ చూసుకోవడానికి, వడ్ల లెక్కలు ఎక్సెల్‌లో వేసుకోవడానికి, టెక్సస్‌లో ఉన్న కూతురితో వీడియోలో మాట్లాడటానికి అదే దిక్కు. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఛార్జరు తగిలిస్తేనే నడుస్తుంది, కరెంటు పోతే టప్పున ఆగిపోతుంది. కొన్నాళ్లుగా స్టార్ట్ మెనూ తెరుచుకోవడం లేదు, సెట్టింగ్స్ నొక్కితే తెరుచుకున్నట్టే తెరుచుకుని మాయమవుతోంది. నంద్యాలకు పట్టుకుపోతే దుకాణంలో కుర్రాడు మూత తెరిచి, రెండు నిమిషాలు చూసి, ఆ మాటే అన్నాడు. "వద్దులేబ్బీ, మా వాడు వస్తాడు, వాడు చూస్తాడు" అని చిన్నాయన ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఊరికి తిరిగొచ్చాడు.

మా వాడు, అంటే ఈ కాలమిస్టే, వచ్చాడు. కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల తెర తెరిచి ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ కొట్టాడు.

విండోస్ 98 కాలం నుంచి ఉన్న పనిముట్టు ఇది. సిస్టమ్ ఫైళ్లు ఒక్కొక్కటే తనిఖీ చేసి, పాడైనదాని స్థానంలో మంచి నకలు తెచ్చి పెడుతుంది. చిన్నాయన ల్యాప్‌టాప్‌లో అది నూరు శాతం దాకా వెళ్లి, పాడైన ఫైళ్లు దొరికాయి కానీ కొన్నింటిని బాగు చెయ్యలేకపోయాను అని చేతులెత్తేసింది. చాలామంది ఇక్కడే ఆశ వదులుకుంటారు. కేసీ కాలువ కింద వరి వేసేవాళ్లకు ఈ మెసేజ్ ఇట్టే అర్థమవుతుంది. నాటిన చేలో మొక్క చస్తే నారుమడి నుంచి ఇంకోటి తెచ్చి పెడతాం, నారుమడికే తెగులొస్తే ఏం చేస్తాం? మంచి నకళ్లు దాచే ఫోల్డరే చెడిపోతే ఎస్‌ఎఫ్‌సీకి చేసేదేమీ ఉండదు. ముందు ఆ ఫోల్డరును బాగు చెయ్యాలి. దానికి డిజమ్ అనే ఇంకో పనిముట్టు ఉంది. అది కొత్త నకళ్లను విండోస్ అప్‌డేట్ నుంచి తెచ్చుకుంటుంది. అందుకే డిజమ్ ముందు, ఎస్‌ఎఫ్‌సీ తర్వాత. యూట్యూబ్ వీడియోల్లో సగం ఈ వరసను తలకిందులు చేసి చెబుతాయి.

డిజమ్ 62.3 శాతం దగ్గర ఆగింది. ఈ అంకె దగ్గర అది ఆగడం ప్రపంచమంతా ఎరిగిందే. చచ్చిపోయిందనుకుని కిటికీ మూసేస్తారు గానీ చాలాసార్లు లోపల పని జరుగుతూనే ఉంటుంది. ఊరుకుంటే కదులుతుంది. కదిలింది కూడా. కదిలి, చివర 081ఎఫ్ అని ఉన్న కోడ్ ఒకటి పడేసింది: కావలసిన ఫైళ్లు తెచ్చుకునే చోటు దొరకలేదట. చిన్నాయన పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుని, "ఏమంటుండాది?" అని అడిగాడు. ఆయన అడిగిన తీరుకే పాత రోజులు గుర్తొచ్చాయి.

2007 ప్రాంతాల్లో ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చాయి, వాటి వెనకే పెన్‌డ్రైవులు వచ్చాయి, పెన్‌డ్రైవుల్లో వైరస్‌లు వచ్చాయి. మూడు మీటలు నొక్కితే టాస్క్ మేనేజర్ రావాలి. దానికి బదులు, మీ అడ్మినిస్ట్రేటర్ దాన్ని ఆపేశారు అని చిన్న డబ్బా వచ్చేది. ఇంట్లో కంప్యూటర్ ఒకటి, వాడే పిల్లాడు ఒకడు, వాడే అడ్మినిస్ట్రేటరు. మరి ఆపిందెవరు? రిజిస్ట్రీ తెరుద్దామంటే అదీ ఆపేసి ఉండేది. దాచిన ఫైళ్లు చూద్దామంటే ఫోల్డర్ ఆప్షన్సే మెనూలోంచి మాయం. రోగాన్ని చూపించే పనిముట్లను ముందు కట్టిపడేసి, ఆ తర్వాత తీరిగ్గా పని చేసుకునే వైరస్‌లవి. ఆ ఏడాదే ఇంకో రకం వైరస్ ఒకటి దేశమంతా తిరిగింది. అప్పటి సోషల్ సైటు ఆర్కుట్ తెరవబోతే ఆర్కుట్ నిషేధమని వికటంగా నవ్వుతూ డబ్బా పెట్టి బ్రౌజరును మూసేసేది, ఫైర్‌ఫాక్స్ అంటే దానికి ఒళ్లు మంట. సీ డ్రైవులో హీప్41ఏ అనే దాచిన ఫోల్డరులో మకాం. టాస్క్ మేనేజర్‌లో ఎస్‌వీసీహోస్ట్ పేరుతో పది వరసలు కనిపించేవి, అన్నీ సిస్టమ్ పేరు మీదో, సర్వీసుల పేర్ల మీదో నడిచేవి. ఆ రోజుల్లో మన యూజర్ పేరు మీద ఒకటి నడుస్తుంటే దొంగ అదే. దాన్ని చంపి, ఫోల్డరును తుడిచేస్తే పీడ విరగడ. ఈ కిటుకు నోటి మాటగా హాస్టల్ గదుల నుంచి నెట్ సెంటర్లకు, అక్కడి నుంచి ఇళ్లకు పాకింది. నల్లమోతు శ్రీధర్ సంపాదకుడిగా వచ్చిన కంప్యూటర్ ఎరా మాసపత్రిక అప్పట్లో ఇలాంటి తిప్పలకు తెలుగులో దారి చూపేది. ఇంగ్లీషు డబ్బాలు చూసి బెదిరిపోయే పిల్లలకు అది కొండంత అండ.

ఫార్మాట్ మీద పగ పుట్టింది కూడా అప్పుడే. ఆరోజుల్లో దుకాణంవాళ్లు సీ డ్రైవు ఒక్కటే ఫార్మాట్ చేసేవాళ్లు. డీ డ్రైవులో పాటలు, ఫోటోలు ఉంటాయి కాబట్టి దాని జోలికి పోయేవాళ్లు కాదు. వైరస్ డీ డ్రైవులో కూడా ఒక ఆటోరన్ ఫైలు పెట్టి ఉండేది. ఇంటికొచ్చి డీ మీద డబుల్ క్లిక్ చేస్తే మళ్లీ మొదటికే. అయిదు వందలు ఇచ్చిన చెయ్యి ఆరకముందే టాస్క్ మేనేజర్ ఆగిపోయేది. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పాత విండోస్‌లకు కూడా పెన్‌డ్రైవుల ఆటోరన్‌ను ఆపేసే అప్‌డేట్ ఇచ్చాకే ఆ సంత సద్దుమణిగింది. కారణం తెలుసుకోకుండా తుడిచేస్తే ఏమీ తుడిచినట్టు కాదన్న పట్టుదల అక్కడ మొదలైంది.

తర్వాతి సంఘటనలూ దాన్నే బలపరిచాయి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కూలగొట్టింది సాక్షాత్తూ తెలుగు అక్షరమే. 'జ్ఞా' రూపాన్ని ఒక కనబడని గుర్తుతో కలిపి మెసేజ్‌లో పంపితే, అందుకున్న ఫోను కుప్పకూలేది. ఫోను తుడిచి ప్రయోజనమేముంది, మెసేజ్ మళ్లీ వస్తే మళ్లీ అంతే. అక్షరాలను పేర్చే కోడులో లోపాన్ని సరిచేసి, ఆపిల్ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 వెర్షన్ విడుదల చేశాకే తెరిపి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు ఫైలు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను నీలి తెర దగ్గర నిలబెట్టింది. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాసు ఫోటో ఆరోజు దేశమంతా తిరిగింది. దానికి చికిత్స ఏమిటి? సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలును తీసెయ్యడం. ఫార్మాట్ కొట్టినవాడు చేజేతులా అన్నీ పోగొట్టుకున్నాడు.

ఇంత ఆత్మవిశ్వాసంతో కాలమిస్టు చిన్నాయన ల్యాప్‌టాప్‌లో విండోస్ తన తప్పుల చిట్టా రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచాడు. ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు వందల కొద్దీ. చిన్నాయన గుండె గుభేలుమంది. మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నామని ఫోన్ చేసే మోసగాళ్లకు పెట్టుబడి ఈ భయమే. ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించి, ఈ ఎర్ర గుర్తులే చూపించి, మీ కంప్యూటర్ పోయింది, డబ్బు కట్టండంటారు. దూరం నుంచి తెరను నడిపే ఆ యాప్ సాయంతో ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యాలి. ఏ జబ్బూ లేని కంప్యూటరులో కూడా ఎర్ర గుర్తులు ఉంటాయి. డీకామ్ పేరుతో వచ్చే 10016 నంబరు ఎర్రర్‌ను పట్టించుకోనక్కర్లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. కాబట్టి రంగు చూడకూడదు, నంబరు చూడాలి.

చూస్తే, 10016ల గుంపులో అక్కడక్కడా 7 నంబరు. డిస్క్‌లో బ్యాడ్ బ్లాక్.

అంటే ఫైళ్లు కాదు, ఫైళ్లుండే చోటే శిథిలమవుతోంది. తిరుగుతున్న హార్డ్ డిస్కు కరెంటు పోయినప్పుడల్లా ఉన్నట్టుండి ఆగి ఆగి చివరికి ఇక్కడికొచ్చింది. ఇప్పుడు చెక్‌డిస్క్ కొట్టమని చాలామంది చెబుతారు. అది 1981 నాటి డాస్‌లోనే ఉన్న పెద్దముత్తయిదువ. కానీ పోయేలా ఉన్న డిస్కు మీద గంటల తరబడి దాన్ని నడిపితే మిగిలిన ప్రాణం కూడా పోవచ్చు. ముందు ఫోటోలు, లెక్కలు వేరే చోటికి ఎక్కించాలి. అవి ఎక్కించేసరికి రాత్రయింది. మర్నాడు మళ్లీ నంద్యాల. పాత డిస్కు తీసేసి ఎస్‌ఎస్‌డీ వెయ్యాలి, అందులో విండోస్ మొదటి నుంచీ ఎక్కించాలి. దీన్నే దుకాణం భాషలో ఏమంటారో చెప్పనక్కర్లేదు.

కుర్రాడు నవ్వలేదు. "నేను ఆరోజే ఇన్నా సార్, డిస్కు టిక్కు టిక్కుమంటా ఉండె. ఆ సారుకు బ్యాడ్ సెక్టార్లంటే ఏం తెలుస్చాది? అందుకే ఫార్మాట్ అని ఊరుకున్నా" అన్నాడు. మూత తెరిచిన ఆ రెండు నిమిషాల్లో అతని చెవి పట్టింది, ఈవెంట్ వ్యూయర్ ముందు పూట గడిపితే తేలింది, రెండూ ఒకటే. పూటంతా కారణం వెతికితే ఆ కూలి ఎవరిస్తారు? బండి ఆత్మకూరు నుంచి వచ్చినాయన సాయంత్రం బస్సుకు ల్యాప్‌టాప్ నడుస్తూ కావాలంటాడు, అయిదు వందలకు మించి ఇవ్వనంటాడు. ఆ లెక్కలో ఫార్మాట్ ఒక్కటే ఇమిడేది. మైక్రోసాఫ్ట్ కూడా ఈ దారికే వచ్చింది. 2012లో విండోస్ 8తో రీసెట్ మీట ఇచ్చింది. విండోస్ 11లో ఫైళ్లు కదలకుండా సిస్టమ్‌ను మాత్రం మళ్లీ ఎక్కించే మీట రికవరీ పేజీలోనే పెట్టింది. కారణం వెతకడం ఇష్టమున్నవాళ్లు వెతుక్కోవచ్చు. ఫైళ్లకు ఇంకో నకలు ఉన్న ఇంట్లో ఫార్మాట్ తప్పేమీ కాదు. పెన్‌డ్రైవుల కాలంలో మొలిచిన పగను ఎస్‌ఎస్‌డీల కాలానికి మోసుకురావడంలో పెద్ద అర్థం లేదు.

పాత గొడవ వదిలితే కొత్తది కావాలి కదా, దుకాణంలోనే దొరికింది. విండోస్ ఎక్కడం అయిపోయి, ఈమెయిల్ అడిగే తెర రాగానే కుర్రాడి వేళ్లు అలవాటుగా సొంత ఈమెయిల్ కొట్టబోయాయి. సార్లకు వాళ్ల పాస్‌వర్డులు గుర్తుండవు గదా అని అతని వివరణ. నిజమే. కానీ విండోస్ 11 కొత్త వెర్షన్లు ఎక్కించి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్తే చాలా ల్యాప్‌టాప్‌ల్లో డిస్కుకు దానంతటదే తాళం పడుతుంది. ఏదైనా తేడా వస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ దాచి ఉండేది ఆ ఖాతాలోనే. ఎన్ని ఇళ్ల తాళాలు రిపేరు దుకాణాల ఈమెయిల్స్‌లో ఉండిపోయాయో!

చిన్నాయన ఖాతాతోనే చెయ్యమని కాలమిస్టు పట్టుబట్టాడు. పాస్‌వర్డు ఆయనకు గుర్తులేదు. మార్చుదామంటే ఓటీపీ కూతురి ఫోనుకు వెళ్తోంది, ఖాతా తెరిచింది ఆ పిల్లే. నంద్యాలలో మధ్యాహ్నం పన్నెండు దాటింది, టెక్సస్‌లో అర్ధరాత్రి దాటింది.

"లేపాల్నా?" అన్నాడు చిన్నాయన.

"వద్దు సార్, సాయంత్రం దాకా ఉంచిపోండి. ఫార్మాట్‌కు ముప్పావు గంట, పాస్‌వర్డ్‌కు పూట," అని కుర్రాడు పక్కనున్న ఇంకో ల్యాప్‌టాప్ ముందుకు లాక్కున్నాడు.