నీలం రంగు ఆలస్యమైన చోట

సైరస్ ఫిస్క్, యల్లాప్రగడ సుబ్బారావు కలిసి రాసిన ఒక పత్రం 1925లో 'జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ' 66వ సంపుటంలో అచ్చయింది. అప్పటికి ఇద్దరూ హార్వర్డ్ వైద్య కళాశాలలో ఉన్నారు. భీమవరంలో పుట్టిన సుబ్బారావు అమెరికా చేరి ఎంతో కాలం కాలేదు. భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతి అని మాత్రమే చెప్పే శీర్షిక, ఇరవై ఆరు పేజీలు. ఆ శీర్షికలోని నిరాడంబరత నాకు చాలా ఇష్టం.

రక్తంలోనో మూత్రంలోనో ఉన్న ఫాస్ఫేటుకు ఆమ్లంలో అమోనియం మాలిబ్డేట్ కలిపి, ఆపైన క్షయకరణి చేరిస్తే నీలం రంగు వస్తుంది. భాస్వరం ఎంత ఉంటే నీలం అంత చిక్కన. ఈ సంగతి ముందే తెలుసు. అంతకు ముందు పద్ధతుల్లో రంగు మెల్లగా తేలేది, పక్కనున్న ఇతర పదార్థాలు దాన్ని చెదరగొట్టేవి. వీళ్లు అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని క్షయకరణిగా ఎంచుకున్నారు. దాన్ని 0.25 శాతం పాళ్లలో, సోడియం బైసల్ఫైట్ ద్రావణంలో ఎలా కలపాలో రాశారు. మాలిబ్డేట్ 2.5 శాతం ఉండాలన్నారు. వాళ్ల ముఖం ఎరగని మనిషి ఎక్కడో కూర్చుని ఆ పేజీ చూస్తూ అదే నీలం తెప్పించగలడు. ప్రయోగ విధానం రాయడంలో ఇంతకు మించిన పనితనం నేనెరగను.

తర్వాతి మలుపు ఇంకా గొప్పది. ప్రోటీన్లు తీసేసిన కండరపు ద్రవంతో ఇదే పరీక్ష చేస్తే రంగు రావలసిన వేళకు పూర్తిగా రాలేదు, నెమ్మదిగా చిక్కబడుతూ పోయింది. పద్ధతి ఎంత వేగంగా రంగు తేలుస్తుందో తెలిసినవాళ్లకే ఆ జాప్యం వింతగా తోస్తుంది. దాన్ని లోపమని తోసేయకుండా వెంటపడితే, ఆమ్లంలో ఇట్టే విడిపోయే ఒక భాస్వర సమ్మేళనం బయటపడింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. అంతవరకూ అందరూ దాన్ని కూడా మామూలు ఫాస్ఫేటు ఖాతాలోనే వేస్తూ వచ్చారు. కండరాన్ని శ్రమపెడితే అది తరిగిపోతుంది, విశ్రాంతినిస్తే మళ్లీ చేరుతుంది.

ఈ మాట 1927లో 'సైన్స్' పత్రికలో మూడు పేజీల్లో చెప్పారు. తొందరగా చెప్పవలసిన అవసరమూ ఉంది, ఇంగ్లండులో ఎగుల్‌టన్ దంపతులు అదే పదార్థం జాడ పట్టారు. పూర్తి రుజువులు మాత్రం 1929లో, యాభై పేజీలకు పైబడిన పత్రంగా వచ్చాయి. కబురు క్లుప్తంగా, సాక్ష్యం తీరుబడిగా: రెండింటికీ వేర్వేరు చోట్లు కేటాయించిన ఆ వివేకం ఇంగ్లీషులో పత్రాలు రాసే మన యువ పరిశోధకులు గమనించదగ్గది. అదే ఏడాది కండరాల్లోని ఏటీపీ అనే మరో భాస్వర సమ్మేళనం గురించి కూడా 'సైన్స్'లో రాశారు, జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుగొన్న పదార్థం అది.

1959లో బార్ట్‌లెట్ అనే శాస్త్రవేత్త భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రచురించినప్పుడు, నీలం తెప్పించడానికి ఫిస్క్–సుబ్బారావు కారకాన్నే, అంటే 1925 పత్రంలోని ఆ క్షయకరణినే వాడాడు.