పైపు లోపలి వైపు

వెల్డింగ్ నేర్చుకునే కుర్రాళ్లు ముందుగా చూసుకునేది అతుకు పైకి ఎలా కనబడుతోందనే. చేప పొలుసుల్లా వరుసగా పేర్చినట్టున్న అతుకుల ఫొటోలు చూసి ఈ పని మీద మనసు పడ్డవాళ్లే ఎక్కువ. నాకూ ఇష్టం అలాగే మొదలైంది. కానీ టర్బో పైపుల దగ్గరికొచ్చేసరికి ఆ పై అందంతో ఇంజనుకు పనిలేదు. గాలి పోయేది లోపలి నుంచి. ఈ వారం ఆ లోపలి వైపు గురించే రాస్తాను.

టర్బోలో ఇంజను వదిలిన పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో చివరనున్న చక్రం బయటి గాలిని ఒత్తిపట్టి ఇంజన్లోకి నెడుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి 1905లో పేటెంట్ తీసుకున్న ఆలోచన ఇది. కార్లలో ఉండే చిన్న టర్బోల ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. ఆ వేగంలో ఉన్న రెక్కకు ఆవగింజంత ఇనుప పూస తగిలినా చాలు, రెక్క దెబ్బతింటుంది. ఇంజను పొగను టర్బోకు చేర్చే మానిఫోల్డ్ లోపల ఊడే వెల్డింగ్ పూస ఒక్కటి మిగిలిపోతే అది పొగతో పాటు నేరుగా టర్బోలోకే పోతుంది. టర్బో ఒత్తిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ తర్వాతి పైపులో గ్రైండింగ్ పొడి మిగిలితే అది సిలిండర్లలోకి చేరుతుంది. అందుకే బిగించే ముందు పైపు లోపల బ్రష్ వేసి రుద్ది, కడిగి, ఆరబెట్టి, తెల్ల గుడ్డ తోసి చూడాలి. గుడ్డ తెల్లగా బయటికొచ్చేదాకా పని అయినట్టు కాదు.

విజయవాడ ఆటోనగర్లో సైలెన్సర్లు చేసే ఒక మేస్త్రిగారి దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠంలో మంట లేదు. రెండు పైపు ముక్కల్ని అంచుకు అంచు ఆనించి పట్టుకుని, లోపల సెల్‌ఫోన్ లైటు పెట్టి, మెల్లగా చుట్టూ తిప్పారు. ఒకచోట సన్నని వెలుగు గీత కనబడింది. అక్కడ గోటితో గీరి, "ఇక్కడ ఆకురాయి పెట్టు బాబూ. వెలుతురు ఆగేదాకా మిషన్ ఆన్ చెయ్యకు" అన్నారు. అదయ్యాక మళ్లీ తిప్పారు, ఇంకోచోట గీత. ఆ పూటంతా అదే సరిపోయింది.

ఆ పట్టుదలకు కారణం ఉంది. ఈ పైపుల మందం ఒకటిన్నర మిల్లీమీటర్ల చిల్లర. అంచుల మధ్య సందుంటే వేడి పోవడానికి లోహం ఉండదు, అంచు కరిగి వెనక్కి జారి బొక్క పడుతుంది. దాన్ని పూడ్చడానికి ఇంకా తీగ, ఇంకా వేడి. చల్లారేటప్పుడు పైపు ఒకపక్కకు లాగేస్తుంది. అంచులు సరిగ్గా కూర్చుంటే అరవై ఆంపియర్ల దగ్గర్లోనే ఆర్గాన్ వెల్డింగ్ హాయిగా సాగుతుంది. అడ్డంగా తిన్నగా కోయడానికి ఖరీదైన పనిముట్లేమీ అక్కర్లేదు. పైపు చుట్టూ కాగితం పట్టీ చుట్టి, దాని అంచు అంచుతో కలిసేలా సర్ది, పక్కన గీత గీస్తే ఆ గీత తిన్నగానే వస్తుంది. కోశాక లోపలి అంచున నిలిచే గరుకును అర్ధచంద్రాకారపు ఆకురాయితో తీసేయాలి. తర్వాత అసిటోన్‌తో తుడవాలి. బ్రేక్ క్లీనర్ జోలికి మాత్రం పోవద్దు. క్లోరిన్ ఉన్న రకమైతే వెల్డింగ్ వెలుతురుకూ వేడికీ ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టొచ్చు.

స్టెయిన్‌లెస్ పైపుకైతే లోపల కూడా ఆర్గాన్ నింపాలి. రెండు చివరలూ టేపుతో మూసి, ఒక పక్క నుంచి గ్యాసు పంపి, రెండో పక్క చిన్న రంధ్రం వదలాలి. ఇలా చేయని అతుకు పైకి బంగారు రంగులో మెరుస్తున్నా, లోపల క్రోమియం గాలితో కలిసి మాడి, నల్లగా, పొక్కులు పొక్కులుగా ఉంటుంది. తుప్పు మొదలయ్యేదీ, పగులు పుట్టేదీ అక్కడే. ఆర్గాన్ ఖర్చు చూసి చాలా షెడ్లలో ఈ పని వదిలేస్తున్నారు. ఆ ఆదా నాకు నచ్చదు.

మానిఫోల్డ్‌తో మొదలుపెట్టొద్దని నా గట్టి అభిప్రాయం. స్టెయిన్‌లెస్ స్టీలు వేడికి మామూలు ఇనుము కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు సాగుతుంది. ఎర్రగా కాగి చల్లారే ప్రతిసారీ అతుకుల్ని లాగి చూస్తుంది, పైగా టర్బో బరువు. ఫ్లాంజి వంగకుండా మందపాటి ప్లేటుకు బిగించి వెల్డ్ చేయాలి, పూర్తిగా చల్లారేదాకా విప్పకూడదు. అది రెండో ఏడాది పని. మామూలు ఇనుప పైపుతో ఇంటర్‌కూలర్ గొట్టాలు మొదటి పనికి బాగుంటాయి. బరువు కాస్త ఎక్కువ, రంగు వేయాలి, అంతే. తప్పు ఎక్కడున్నా సబ్బునీళ్లు చెప్పేస్తాయి: రెండు చివరలూ మూసి, కంప్రెసర్ గాలి కొద్దికొద్దిగా పంపి, అతుకుల మీద నురగ రాస్తే బుడగ లేచినచోట సందున్నట్టే. అల్యూమినియం తర్వాత చూసుకోవచ్చు. దాని పైపొర కరగడానికి రెండు వేల డిగ్రీలు దాటాలి, లోపలి లోహం 660 డిగ్రీలకే కరిగిపోతుంది. ఏసీ కరెంటు ఇచ్చే మిషన్ లేకుండా ఆ పని సాగదు.

వెల్డింగ్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2017లోనే తేల్చింది. తలుపులు తెరిచిపెట్టండి, మాస్కు పెట్టుకోండి, జింకు పూత ఉన్న పైపు ముట్టుకోకండి. బండి మీదే అతకాల్సొస్తే ముందు బ్యాటరీ తీగ విప్పండి. ఇంకో మాట, రోడ్డు మీద తిరిగే బండిని కంపెనీ ఇచ్చిన రూపం నుంచి మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఈ ముచ్చట ట్రాక్ బండికే ఉంచుకోండి.

కొత్తగా మిషన్ కొన్న తమ్ముళ్లను అడిగేది ఒక్కటే. బండికి బిగించాల్సిన పైపు తాకేముందు తుక్కు ముక్కల మీద అతుకు వేసి, చల్లారాక నిలువునా కోసి లోపల చూడండి. లోపల కూడా నునుపుగా, గుండ్రంగా కరిగి కలిసిన గీత కనబడిన రోజున అసలు పైపు చేతిలోకి తీసుకోండి.