కొలత పట్టింది ఎవరు?

మా రాప్తాడులో వాన పడిందా అని అడిగితే, పడిందని చెప్పి ఊరుకోరు. ఎంత పదును, ఎవరి చేన్లో, రాత్రి ఎన్ని గంటలప్పుడు, అన్నీ చెప్తారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే జిల్లా మాది. వేరుశనగ విత్తాలా, ఆగాలా అన్నది ఆ మాట మీదే తేలుతుంది. అందుకే చేను చూసొచ్చినవాడి మాటకీ, ఎవరో చెప్తే విన్నవాడి మాటకీ ఇక్కడ విలువ ఒకటి కాదు. పాత కట్టడాల కొలతలు రాసుకునే అలవాటు నీకెలా అబ్బిందని అడిగేవాళ్ళకు నేను ఈ వాన కబుర్లే చెప్తాను.

మొన్న ఉగాది దాటాక మా మామతో కలిసి గండికోట వెళ్ళాను. మామ నలభై ఏళ్ళుగా తాపీ పని చేస్తున్నాడు. తాడిపత్రి మీదుగా జమ్మలమడుగు చేరి, అక్కణ్ణుంచి కోటకు పోయాం. మా పెన్న అక్కడ ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పారుతుంది. 1650లో గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా పెమ్మసానివారి నుంచి ఈ కోటను గెలుచుకున్నాడు. జామా మసీదు ఆ రోజులనాటిదే. మేం వెళ్ళింది మాత్రం జాలీ కిటికీలున్న గోపురం కోసం. కొందరు దాన్ని చార్మినార్ అంటారు, కొందరు పావురాల గోపురం అంటారు. నేను రెండు పేర్లూ రాసుకుంటాను. ఏది సరైనదో తేల్చి రెండోది కొట్టేసే హక్కు నాకు లేదు.

తూకంగుండు వేలాడదీసి, గోడ ఎక్కడ ఒరిగిందో మామ చూస్తుంటే నేను పుస్తకంలో ఎక్కిస్తున్నాను. అడుగున ఒక పక్క కొలత పొద్దున ఒకటొచ్చింది, మధ్యాహ్నం ఇంకొకటొచ్చింది. వెనక ఒకసారి, వేరే చోట, ఇలాగే రెండు అంకెలు వస్తే వాటి సగటు వేసి చక్కగా బొమ్మ గీసేశాను. ఆ సగటు గోడకు ఎక్కడా సరిపోలేదని చాలా రోజులకు తెలిసింది. ఏ అంకె ఎప్పుడు తీసుకున్నానో రాసుకోకపోవడం వల్ల తప్పు ఎక్కడుందో వెతకడానికి కూడా దారి లేకపోయింది. అది ఇప్పటికీ బాధగానే ఉంది.

ఈసారి మామ ఊరుకోలేదు. "ఎవురు పట్టింది, యా పక్కనుంచి పట్టింది గూడా రాసుకో అల్లుడా. రేపు తేడా వస్తే యాడ వచ్చిందో తెలియాల" అన్నాడు.

ఇనుప టేపుకు ఎండ సంగతి ఉండనే ఉంది. 30 మీటర్ల టేపు 20 డిగ్రీల వేడి పెరిగితే ఏడు మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. గాలికి మధ్యలో ఊగితే ఇంకా ఎక్కువ తేడా వస్తుంది. ఎత్తుకు నీడ లెక్క వాడాం. తెలిసిన పొడవున్న కర్రను నిలబెట్టి దాని నీడనీ, గోపురం నీడనీ ఒకే నిమిషంలో గుర్తు పెట్టాలి. గోపురం నీడ కొస పదునుగా ఉండదు, మసకగా ఉంటుంది. ఎక్కడ గుర్తు పెట్టాలో కన్నే నిర్ణయిస్తుంది. ఆ మసక ఎంత వెడల్పుందో కూడా కొలిచి పక్కన రాశాను.

ఇంత పట్టింపు ఎందుకో చెప్పాలంటే దూరాన ఉన్న ఒక కట్టడం కథ చెప్పాలి. అఫ్ఘనిస్తాన్‌లో ఘోర్ కొండల్లో జామ్ మినార్ అని ఒకటుంది. హరీ రూద్, జామ్ రూద్ కలిసే చోట, లోయలో 65 మీటర్ల ఇటుకల స్తంభం. లోపల ఒకదాన్నొకటి చుట్టుకుంటూ రెండు మెట్ల వరసలు పైకి పోతాయి. బయట ఖురాన్‌లోని మరియం అధ్యాయం మొత్తం ఇటుకల్లో పేర్చి ఉంది. ఎంత మారుమూలంటే, 1957లో ఆంద్రే మారిక్ అనే పండితుడు అక్కడికి వెళ్ళి చదివి చెప్పేదాకా లోకానికి దాని సంగతి సరిగ్గా తెలియదు. 2002లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలోనూ, అదే ఏడు ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోనూ చేర్చింది.

దాని మీద కట్టిన ఏడాది అరబీ మాటల్లో ఉంది. అరబీలో డెబ్బై అన్న మాటా, తొంభై అన్న మాటా చుక్కలు తీసేస్తే ఒకేలా కనిపిస్తాయి, రెండింటికీ మొదట అవే నాలుగు పళ్ళలాంటి గీతలు. తలకట్టు అరిగిన శాసనంలో ప ఏదో వ ఏదో తేలనట్టన్నమాట. చాలాకాలం దాన్ని తొంభై అని, అంటే హిజ్రీ 590 అని చదివారు. అది మన లెక్కలో 1194. అప్పుడది మనం బళ్ళో చదువుకున్న మహమ్మద్ ఘోరీ 1192లో పృథ్వీరాజు మీద గెలిచిన గెలుపుకు గుర్తవుతుంది. తర్వాత జానీన్ సూర్డెల్ తొమీన్ లాంటి పండితులు మళ్ళీ చూసి 570 అన్నారు, అంటే 1174. అలాగైతే అది ఘోరీలు గజనీని గెలిచిన రోజులది. అప్పుడు పృథ్వీరాజు కథతో దానికి సంబంధమే లేదు. నాలుగు పళ్ళ మీద చుక్కలెక్కడన్నది మారేసరికి ఆ కట్టడం ఎందుకు కట్టారన్న జవాబే మారిపోయింది.

ఇలా మళ్ళీ చదవడానికి వీలైంది ముందువాళ్ళు ఫొటోలూ, నకళ్ళూ దాచబట్టే. తీర్పు ఒక్కటే రాసి వదిలేసుంటే ఆ కొండల్లోకి మళ్ళీ పోతే తప్ప తేలేది కాదు. మన వైపు కూడా, కుంఫిణీ సర్వేయర్ మెకంజీ కోసం కావలి సోదరులూ, వాళ్ళ మనుషులూ ఊరూరా తిరిగి రాయించిన కైఫీయతుల్లో, అంటే ఊళ్ళ చరిత్రల్లో, గండికోటదీ ఉంది. వాటిలో నాకు నచ్చేది ఎవరు చెప్పారో కనిపించడమే. కథ నమ్మశక్యంగా లేకపోయినా, చెప్పినవాళ్ళెవరో తెలుస్తుంది.

చీకటిపడేసరికి ఆ పేజీ ఇలా ఉంది: మొదటి కొస మామ, రెండో కొస నేను. పొద్దున కొలత, మధ్యాహ్నం కొలత, రెండూ. గాలి పడమర నుంచి. పైకొస ఎత్తు నీడ లెక్కే, నేరుగా కొలవలేదు. దాని పక్కన పెన్సిల్‌తో ఖాళీ డబ్బా గీసి పెట్టాను.