రేఖ నుండి వాక్యానికి: అడివి బాపిరాజు చిత్రకళాసాధన – వికాసం

వ్యాససంగ్రహం

అడివి బాపిరాజు (1895–1952) చిత్రకళ, నవలారచన వేరువేరు సాధనలు కావని, మచిలీపట్నంలో అలవడిన చిత్రదృష్టి అమరావతి శిల్పసంప్రదాయ ప్రేరణతో నవలలో కొత్త విస్తృతిని పొందిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ దృష్టికున్న పరిమితులను కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అడివి బాపిరాజు, ఆంధ్ర జాతీయ కళాశాల, వాష్ పద్ధతి, అమరావతి శిల్పం, హిమబిందు.

1. ప్రవేశిక

బాపిరాజు నవలలపై తరచుగా వినిపించే అభ్యంతరం వర్ణనాధిక్యం. కథ నడవవలసిన చోట వస్త్రాలు, ఆభరణాలు, మందిరాలు వచ్చి నిలుస్తాయంటారు. ఆయన చిత్రకారుడు కనుక అది సహజమేనని సమర్థించేవారూ ఉన్నారు. ఈ రెండు వాదాలూ ఒక మౌలికప్రశ్నను దాటవేస్తాయి: బాపిరాజు ఎటువంటి చిత్రకారుడు? దీనికి సమాధానం ఆయన పొందిన శిక్షణలో వెతకాలి.

2. మచిలీపట్నం శిక్షణ

భీమవరం ప్రాంతం నుంచి వచ్చిన బాపిరాజు రాజమండ్రిలో విద్యార్థిగా ఉన్నప్పుడు కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహం పొందాడు. కూల్డ్రే ప్రోత్సహించిన మరో యువకుడు దామెర్ల రామారావు (1897–1925) బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్లాడు. బాపిరాజు మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ శిష్యుడయ్యాడు. ఆధునికాంధ్ర చిత్రకళలోని రెండు మార్గాలు ఇక్కడ స్పష్టంగా విడివడతాయి. బొంబాయి శిక్షణ ఎదుట ఉన్న మనిషి దేహాన్ని చూసి గీయడంపై ఆధారపడింది. మచిలీపట్నానికి చేరిన వంగచిత్రరీతి పురాణాన్ని, చరిత్రను, భావాన్ని ఆశ్రయించింది. 1910లో స్వదేశీ ఆదర్శంతో ఏర్పడిన ఆ కళాశాలలో బొమ్మ గీయడం జాతీయ విద్యలో భాగం. బాపిరాజు అనంతరకాలంలో అదే సంస్థకు ప్రిన్సిపాల్ అయ్యాడు.

3. వాష్ పద్ధతి: బలం, పరిమితి

అవనీంద్రనాథ్ ఠాకూర్ జపాన్ చిత్రకారుల సాంగత్యంతో రూపొందించుకున్న వాష్ పద్ధతి వంగరీతికి ప్రధాన సాధనం. పలుచని నీటిరంగు పూసి, కాగితాన్ని తడిపి, ఆరనిచ్చి, మళ్లీ రంగు వేస్తారు. పొరపొరకూ అంచులు మెత్తబడతాయి. బొమ్మంతటా ఒకే భావచ్ఛాయ పరుచుకుంటుంది. ఒంటరిరూపాన్నీ, ధ్యానాన్నీ, విరహాన్నీ చూపడానికి ఇది ఎంతో అనుకూలం. జనసమ్మర్దాన్ని, వేగాన్ని, దేహాల ఒరిపిడిని చూపడానికి అంతగా అనుకూలించదు. రూపాన్ని ఆదర్శీకరించే అలవాటునూ ఈ రీతి పెంచుతుంది.

4. అమరావతి పాఠం

కృష్ణాతీరంలోని అమరావతి శిల్పం దీనికి భిన్నమైన పాఠం చెబుతుంది. మద్రాసు మ్యూజియంలోని నలగిరి ఏనుగు దమన శిల్పఫలకాన్నే చూడవచ్చు. ఒకే వలయంలో ఒకవైపు మదించి జనాన్ని తొక్కుతున్న ఏనుగు, మరోవైపు బుద్ధుని ముందు మోకరిల్లిన అదే ఏనుగు. పై గవాక్షాల నుంచి జనం తొంగి చూస్తుంటారు. కాలం ముందుకు కదులుతుంది; స్థలం మాత్రం మారదు. కిక్కిరిసిన దేహాల నడుమ ఒక్కొక్కరి చూపు కథకు దారి చూపుతుంది. వాష్ పద్ధతి సులభంగా ఇవ్వలేని గుణాలివి.

5. హిమబిందు: సాధన కొనసాగింపు

సాతవాహనుల కాలాన్ని, ధాన్యకటకాన్ని నేపథ్యంగా తీసుకున్న ‘హిమబిందు’లో సువర్ణశ్రీ శిల్పి, అతని తండ్రి ధర్మనంది మహాశిల్పి. శిల్పులకు కథలో ఇంతటి స్థానం దక్కడం యాదృచ్ఛికం కాదు. చిత్రఫలకంపై ఇమడని జనసమ్మర్దానికి, కాలగమనానికి బాపిరాజు నవలలో చోటు కల్పించాడు. ఉత్సవం, రాజసభ, శిల్పశాల వంటి ఘట్టాల్లో వర్ణన అమరావతి ఫలకం వలె పనిచేస్తుంది. ఎవరు ఎక్కడ నిలిచారో, ఎవరిని చూస్తున్నారో తెలుపుతూ కథను కదిలిస్తుంది.

అయితే అన్ని వర్ణనలూ ఇలాంటివి కావు. నాయికానాయకుల అందాన్ని నిలిపి చూపేచోట వాక్యం మళ్లీ వాష్ చిత్రమవుతుంది: భావచ్ఛాయ నిలుస్తుంది, కదలిక ఆగుతుంది. విశ్వనాథ ‘వేయిపడగలు’తో పాటు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని పంచుకున్న ‘నారాయణరావు’లోనూ ఇదే లక్షణం మరో రూపంలో కనిపిస్తుంది. నాయకుడు సౌందర్యం, పాండిత్యం, దేశభక్తి, కళాభిరుచి కలబోసిన ఆదర్శమూర్తి. అతనిలో లోపం కనిపించకపోవడం కథలోని సంఘర్షణను బలహీనపరుస్తుంది. ఇది వర్ణనాధిక్యం కన్నా లోతైన లోపం. దీని మూలాలు కూడా ఆ చిత్రరీతిలోనే ఉన్నాయి.

6. ఉపసంహారం

బాపిరాజు కుంచె వదిలి కలం పట్టాడనడం సరికాదు. ఒక మాధ్యమం హద్దులు తెలిసిన కళాకారుడు మరొక మాధ్యమంలో సాధనను కొనసాగించాడు. కనుక ఆయన వర్ణనలను మొత్తంగా మెచ్చుకోవడమో త్రోసిపుచ్చడమో కాక, కథను కదిలించేవి, కథను ఆపేవి అని విభజించి పరిశీలించాలి. ఆయన చిత్రాలను కళాచరిత్రకారులకూ, నవలలను తెలుగుశాఖలకూ పంచి ఇచ్చిన విభజన వల్ల రెండు వైపులా సగం బాపిరాజే మిగిలాడు. చిత్రాలను, నవలలను పక్కపక్కన ఉంచి చదివే పరిశోధన జరిగినప్పుడే ఆ కళాకారుడి వికాసాన్ని న్యాయంగా అంచనా వేయగలం.